ఐ5 పీసీలో హ్యాకింటోష్ వేసి ఐఫోన్ యాప్ చేయొచ్చా? మూడేళ్లు అదే పని చేసినవాడిగా నా సమాధానం

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. తర్వాత వచ్చి చదివేవాళ్లకి కూడా అర్థమవ్వాలి కాబట్టి ముందు దాన్ని ఇక్కడ పెడతా. బీటెక్ ఫైనల్ ఇయర్, ఐ5 10400 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 కార్డు, విండోస్ 11. ఫ్లట్టర్‌లో (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ యాప్ చేసే టూల్) ఒక ట్యూషన్ సెంటర్ వాళ్లకి ఆండ్రాయిడ్ యాప్ చేసిచ్చావు, ఇప్పుడు వాళ్లేమో పేరెంట్స్‌లో చాలామంది దగ్గర ఐఫోన్లున్నాయి అందులో కూడా కావాలంటున్నారు, మ్యాక్ కొనే డబ్బుల్లేవు, అందుకని ఉన్న పీసీలోనే హ్యాకింటోష్ (అంటే ఆపిల్‌ది కాని పీసీలో మ్యాక్ సిస్టమ్ అయిన మ్యాక్ఓఎస్ ఎక్కించడం) వేసి ఎక్స్‌కోడ్ (ఐఫోన్ యాప్‌లు తయారుచేసే ఆపిల్ సాఫ్ట్‌వేర్) నడిపితే పనవుద్దా, ఆపిల్ వాళ్లు కనిపెట్టి అకౌంట్ లేపేస్తారా అని అడిగావు.

నీ పీసీలో మ్యాక్ఓఎస్ ఎక్కుద్ది, ఎక్కాక ఎక్స్‌కోడ్ కూడా బానే నడుస్తది. కానీ క్లయింట్ పని కోసం ఇప్పుడు ఆ దారిలోకి వెళ్లొద్దంటా. నేను 2018 నుంచి 2021 దాకా హ్యాకింటోష్ మీదే యాప్స్ చేసి బతికా, కాబట్టి తెలియక భయపెడుతున్నానని అనుకోకు. ఎందుకొద్దంటున్నానో వివరంగా చెప్తా, అయినా వేసి చూస్తానంటే ఎలా వెయ్యాలో కూడా చెప్తా.

అందరూ ఇన్‌స్టాల్ చేయడమే కష్టం అనుకుంటారు. ఇన్‌స్టాల్ ఒక వారాంతం పని, కూర్చుంటే అయిపోద్ది. అసలు కష్టం ఆ తర్వాత ప్రతి ఏడాదీ వస్తది. యాప్ స్టోర్‌లోకి యాప్ పంపాలంటే ఆపిల్ చెప్పిన ఎక్స్‌కోడ్ వెర్షన్‌తోనే బిల్డ్ చెయ్యాలి (కోడ్‌ని యాప్‌గా మార్చాలి), ఆ ఎక్స్‌కోడ్ నడవాలంటే ఫలానా మ్యాక్ఓఎస్ ఉండాలి, ఆ మ్యాక్ఓఎస్ ఎక్కాలంటే దానికి సరిపడే హార్డ్‌వేర్ ఉండాలి. గొలుసు మాదిరి ఒకటి కదిలితే మిగతావన్నీ కదలాల్సిందే. 2025 ఏప్రిల్ 24 నుంచి ఎక్స్‌కోడ్ 16తో చేసిన బిల్డ్‌లే తీసుకుంటామన్నారు, దానికి కనీసం మ్యాక్ఓఎస్ సోనోమా 14.5 కావాలి. 2026 ఏప్రిల్ నుంచి ఐఓఎస్ 26 ఎస్‌డీకే (యాప్ కట్టడానికి ఆపిల్ ఇచ్చే సరంజామా) అన్నారు, అంటే ఎక్స్‌కోడ్ 26, దానికి కనీసం మ్యాక్ఓఎస్ సెకోయా 15.6. యాప్‌లో నువ్వు ఒక్క అక్షరం మార్చినా, చిన్న బగ్ ఫిక్స్ పంపాలన్నా, ఆ రోజుకి ఏ రూల్ ఉంటే అదే. మామూలు మ్యాక్ ఉన్నవాడు రాత్రి అప్‌డేట్ బటన్ నొక్కి పడుకుంటాడు. మనం మాత్రం అప్‌డేట్ పెట్టే ముందు ఏ కెక్స్ట్ (మ్యాక్ఓఎస్ డ్రైవర్ లాంటి ఫైల్) పాతదైంది, ఓపెన్‌కోర్ (పీసీలో మ్యాక్ఓఎస్‌ని బూట్ చేసే ప్రోగ్రాం) కొత్త వెర్షన్ వచ్చిందా, మన గ్రాఫిక్స్ కార్డుకి సపోర్ట్ ఉంచారా తీసేశారా అని ముందే వెతుక్కోవాలి.

నా సంగతి చెప్తా. 2018లో ఎనిమిదో జనరేషన్ ఐ5, ఎన్విడియా 1050టీఐ కార్డుతో అప్పటి మ్యాక్ఓఎస్ హై సియెర్రా వేసుకున్నా. ఆ రోజుల్లో ఆ కార్డుకి ఎన్విడియా వాళ్లే ఇచ్చే వెబ్ డ్రైవర్ ఉండేది, వెన్నలా నడిచింది. ఆ సెప్టెంబర్‌లో తర్వాతి మ్యాక్ఓఎస్ మొజావే వచ్చింది, దానికి ఆ కార్డుల డ్రైవర్ రాలేదు, ఇప్పటిదాకా కూడా రాలేదు. సర్లే హై సియెర్రాలోనే ఉందాం, ఎక్స్‌కోడ్ 10.1 నడుస్తోంది కదా అనుకున్నా. 2019 మార్చిలో ఐఓఎస్ 12.2 వచ్చింది, క్లయింట్ తన ఐఫోన్ అప్‌డేట్ చేసుకుని టెస్ట్ చేయమని నాకిచ్చాడు. కేబుల్ పెట్టా, రన్ నొక్కా, "కుడ్ నాట్ లొకేట్ డివైస్ సపోర్ట్ ఫైల్స్" అని ఒక బాక్స్. 12.2 ఫోన్‌కి ఎక్స్‌కోడ్ 10.2 కావాలి, 10.2కి మొజావే 10.14.3 కావాలి, మొజావేకి నా కార్డు పనికిరాదు. ముందుచూపు లేకుండా కార్డు ఎంచుకున్నది నేనే, తప్పు నాదే. వేరేవాళ్ల మ్యాక్ నుంచి ఆ డివైస్ సపోర్ట్ ఫోల్డర్ కాపీ చేసి తెచ్చి పెడితే తాత్కాలికంగా నడిచింది (ఐఓఎస్ 17 నుంచి ఆ పద్ధతి మార్చేశారు, ఇప్పుడు ఆ చిట్కా కూడా పనిచెయ్యదు). చివరికి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంతా తిరిగి మొజావేలో నడిచే సెకండ్ హ్యాండ్ ఏఎండీ ఆర్ఎక్స్ 570 కార్డు ఒకటి తెచ్చుకుని మొజావేకి మారా. డెలివరీ వారం ఆలస్యం. ఆ వారం క్లయింట్‌కి ఏం చెప్పాలో తెలియక ఫోన్ చూస్తేనే గుండె గుభేల్‌మనేది.

అప్పుడు కనీసం డబ్బు పెడితే ఇంకో కార్డు దొరికేది, దారి ఉండేది. ఇప్పుడు ఆ దారే మూసుకుపోతోంది. హ్యాకింటోష్ అనేది సాధ్యమైందే ఆపిల్ వాళ్లు 2005లో ఇంటెల్ ప్రాసెసర్లకి మారతామని చెప్పి 2006 జనవరిలో ఆ మ్యాక్‌లు అమ్మడం మొదలెట్టారు కాబట్టి. 2020 జూన్‌లో సొంత చిప్‌కి మారతామన్నారు, ఆ నవంబర్‌లోనే ఎం1 చిప్ వచ్చింది. 2025 జూన్‌లో ఇక తేల్చి చెప్పేశారు, మ్యాక్ఓఎస్ 26 టాహోనే ఇంటెల్ మ్యాక్‌లకి ఆఖరుది, ఆ తర్వాతది ఆపిల్ సిలికాన్‌కి (ఆ సొంత చిప్‌లకి) మాత్రమే. ఇంటెల్ కోడే లేని మ్యాక్ఓఎస్‌ని నీ ఐ5 మీద నడిపే ఓపెన్‌కోర్ ఎవరూ చెయ్యలేరు. ఏటా వసంతంలో కొత్త ఎస్‌డీకే తప్పనిసరి చేసే పద్ధతి ఇలాగే సాగితే, ఇంటెల్ మీద నడవని ఎక్స్‌కోడ్ తప్పనిసరి అయిన రోజు నుంచి నీ మెషిన్‌లో కోడ్ రాసుకోవచ్చు గానీ స్టోర్‌లోకి పంపలేవు. ట్యూషన్ సెంటర్ వాళ్లు నిన్ను నమ్మి డబ్బులిచ్చేది ఒక్క రిలీజ్ కోసం కాదు కదా, వచ్చే ఏడాది ఫీజు స్క్రీన్‌లో మార్పు కావాలన్నా నిన్నే అడుగుతారు.

ఇక నువ్వు భయపడే విషయం, పట్టుకుంటారా అని. రెండు వేరు వేరు సంగతులున్నాయి ఇందులో. మ్యాక్ఓఎస్ లైసెన్స్‌లో ఆపిల్ బ్రాండ్ ఉన్న కంప్యూటర్లలోనే వాడాలని స్పష్టంగా రాసుంది, కాబట్టి హ్యాకింటోష్ వేయడం ఆ ఒప్పందాన్ని దాటడమే, ఇందులో డొంకతిరుగుడు ఏమీ లేదు. ఫ్లోరిడాలో సైస్టార్ అనే కంపెనీ 2008లో మ్యాక్ఓఎస్ వేసిన పీసీలు అమ్మకానికి పెట్టింది, ఆపిల్ అదే ఏడాది జూలైలో కేసు వేసింది, 2009లో కోర్టు ఆపిల్ పక్షాన తీర్పిచ్చి ఆ అమ్మకాలు ఆపించింది, 2011లో అప్పీల్ కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. అది అమ్మినవాళ్ల మీద కేసు. ఇంట్లో నేర్చుకోడానికి వేసుకున్నవాళ్లలో నాకు తెలిసి ఎవరి డెవలపర్ అకౌంటూ ఈ కారణంగా పోలేదు. టెక్నికల్‌గా చూస్తే, ఎక్స్‌కోడ్ చేసిన యాప్ విప్పి దాని ఇన్ఫో ప్లిస్ట్ ఫైల్ తెరువు, అందులో ఏ మ్యాక్ఓఎస్ బిల్డ్ మీద చేశారు, ఏ ఎక్స్‌కోడ్, ఏ ఎస్‌డీకే అన్న వివరాలు ఉంటాయి, మదర్‌బోర్డ్ పేరు మాత్రం ఉండదు. అలాగని పట్టుకోరు కాబట్టి పర్వాలేదు అని క్లయింట్ పనికి వాడేయకు. రేపు వాళ్లు "ఏ సిస్టమ్ మీద చేశావు బాబూ" అని అడిగితే దాచాల్సిన పరిస్థితి ఉండకూడదు, కెరీర్ మొదట్లో అస్సలు ఉండకూడదు.

ఇంత చెప్పినా ఒకసారి వేసి చూడాలని నీకుంటుందని తెలుసు, నాకూ ఉండేది, ఆపిల్ సిస్టమ్ లోపల ఎలా బూట్ అవుద్దో నేను నేర్చుకున్నదంతా దాంతోనే. లైసెన్స్ సంగతి తెలిసే నేర్చుకోడానికి మాత్రం వేస్తానంటే నీ హార్డ్‌వేర్ గురించి చెప్తా.

ముందు నీ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉందేమో చూడు. ఐ5 10400 అయితే లోపల యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్ ఉంటది, దాన్ని మ్యాక్ఓఎస్ గుర్తుపడుద్ది. ఐ5 10400ఎఫ్ అయితే ఆ గ్రాఫిక్స్ ఉండదు, నీ జీటీఎక్స్ 1650కి మ్యాక్ఓఎస్‌లో డ్రైవరే లేదు, అంటే బొమ్మ సరిగ్గా రాదు, అక్కడితో కథ కంచికి. ఎఫ్ లేకపోతే మానిటర్ కేబుల్‌ని 1650 నుంచి పీకి మదర్‌బోర్డ్ వెనకున్న హెచ్‌డీఎంఐలో పెట్టాలి, బూట్ ఆర్గ్యుమెంట్లలో (బూట్ అయ్యేటప్పుడు ఇచ్చే ఆదేశాల్లో) "-వెగ్‌నోఈజీపీయూ" పెట్టి ఆ కార్డుని ఆపెయ్యాలి. చాలామంది ఇక్కడే రాత్రంతా నల్ల స్క్రీన్ చూస్తూ కూర్చుంటారు, కేబుల్ కార్డుకే ఉంటది మరి. పదకొండో జనరేషన్ నుంచి ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌కి సపోర్ట్ లేదు, కొత్త ప్రాసెసర్ కొన్నవాళ్లు ఆ విషయంలో నీకంటే వెనకున్నట్టే. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ వాళ్లయితే కెర్నల్ ప్యాచ్‌లతో వేసుకోవచ్చు గానీ మ్యాక్ఓఎస్ హైపర్‌వైజర్ (వర్చువల్ మెషిన్లు నడిపే భాగం) వాటి మీద పనిచెయ్యదు, అంటే ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ నడవదు, ఫ్లట్టర్ వాళ్లకి అది పెద్ద దెబ్బ.

బూట్‌లోడర్ ఓపెన్‌కోర్ తీసుకో, క్లోవర్ అనే పాత బూట్‌లోడర్ వీడియోలు చూసి మోసపోకు. నెట్‌లో "నా బోర్డుకి ఈఎఫ్ఐ ఫోల్డర్ ఇవ్వండి" (బూట్ ఫైళ్లన్నీ ఉండేది అదే) అని అడిగి ఎవరిదో దింపుకుని పెట్టుకుంటే అది ఎందుకు నడుస్తోందో తెలియదు, ఆగినప్పుడు ఎందుకు ఆగిందో అసలే తెలియదు, కాబట్టి డోర్టానియా గైడ్ (ఓపెన్‌కోర్ ఎలా వెయ్యాలో నేర్పే వెబ్‌సైట్) పక్కన పెట్టుకుని కామెట్ లేక్ (నీ ప్రాసెసర్ తరం పేరు) పేజీ చూస్తూ నీదే నువ్వు కట్టుకో. లిలు, వర్చువల్‌ఎస్ఎంసీ, వాటెవర్‌గ్రీన్, యాపిల్‌ఏఎల్‌సీ, నీ ల్యాన్ చిప్‌కి తగ్గ కెక్స్ట్, మొదటి బూట్‌కి ఈ కెక్స్ట్‌లే చాలు. నీ పీసీ ఏ మ్యాక్‌గా కనిపించాలో చెప్పే మోడల్ ఐమ్యాక్20,1 పెట్టుకో. జనరేట్ చేసిన సీరియల్ నంబర్‌ని ఆపిల్ కవరేజ్ పేజీలో వేసి చూడు, నిజంగా ఎవరిదో మ్యాక్ చూపిస్తే అది వాడకు, అవతలి మనిషికి ఇబ్బంది. వెర్షన్ సెకోయా దగ్గరే ఆగు. టాహోలో యాపిల్‌హెచ్‌డీఏ (సౌండ్ డ్రైవర్) తీసేశారు, సౌండ్ కోసం సిస్టమ్ ఫైళ్లు మళ్లీ ప్యాచ్ చేసుకోవాలి, మొదటి ఎక్స్‌కోడ్ 26కి సెకోయానే సరిపోద్ది కాబట్టి ఆ తలనొప్పి ఇప్పుడే వద్దు. విండోస్ ఉన్న డ్రైవ్‌ని కదపకు, వేరే ఎస్ఎస్‌డీ పెట్టు. ఎక్స్‌కోడ్, సిమ్యులేటర్ (స్క్రీన్ మీద ఐఫోన్‌లా నడిచేది), బిల్డ్ చెత్త అన్నీ కలిపి 50 జీబీ ఇట్టే మింగేస్తాయి, 120 జీబీ డ్రైవ్ తెచ్చి సరిపెడదామనుకోకు.

అన్నిటికంటే యూఎస్‌బీ మ్యాపింగ్ (ఏ పోర్టులు వాడాలో మ్యాక్ఓఎస్‌కి చెప్పడం) గురించి గట్టిగా చెప్తా, యాప్ డెవలపర్‌కి అదే ప్రాణం. మ్యాక్ఓఎస్ ఒక కంట్రోలర్‌కి 15 పోర్టులే చూస్తది, నీ బోర్డులో ఒక్కో యూఎస్‌బీ 3 రంధ్రాన్ని రెండు పోర్టులుగా లెక్కేస్తది, 15 దాటినవి గల్లంతు. బిగ్ సర్ 11.3 ముందు ఓపెన్‌కోర్‌లో ఒక క్విర్క్ (సెట్టింగ్) ఆన్ చేస్తే గడిచిపోయేది, ఇప్పుడు అది పనిచెయ్యదు. మ్యాపింగ్ చెయ్యకపోతే ఏమవుద్దంటే, ఐఫోన్ పెడతావు, "ఈ కంప్యూటర్‌ని నమ్మాలా" అని ఫోన్‌లో అడుగుద్ది, ట్రస్ట్ నొక్కుతావు, ఎక్స్‌కోడ్ "ప్రిపేరింగ్" అంటూ సగం దాకా పోయి డివైస్ డిస్‌కనెక్టెడ్ అంటది, మళ్లీ ఫోన్‌లో అదే ప్రశ్న. మనిషి కేబుల్ పాడైందనుకుని మూడు కేబుళ్లు కొంటాడు. విండోస్‌లో ఉండగానే యూఎస్‌బీ టూల్‌బాక్స్ తెరిచి ఒక పెన్‌డ్రైవ్ తీసుకుని ప్రతి రంధ్రంలో పెట్టి తీసి, ఏది ఏ పోర్టో కాగితం మీద రాసుకుని, వాడనివి తీసేసి మ్యాప్ చేసుకో. అరగంట పని.

యాప్ స్టోర్‌లో లాగిన్ అవుతుంటే "డివైస్ వెరిఫై చెయ్యలేకపోయాం" అని వస్తే నీ ల్యాన్ ఈఎన్0గా (మొదటి నెట్‌వర్క్ పోర్టుగా), బిల్ట్ ఇన్‌గా కనిపించట్లేదని అర్థం, అది సరిచేసుకో. ఎక్స్‌కోడ్‌ని స్టోర్ నుంచి కాకుండా ఆపిల్ డెవలపర్ సైట్ నుంచి ఎక్స్ఐపీ ఫైల్‌గా దింపుకో, స్టోర్‌దైతే నీకు తెలియకుండా అప్‌డేట్ అయి కూర్చుంటది. ఎక్స్‌కోడ్ 26లో సిమ్యులేటర్ రన్‌టైమ్ దింపేటప్పుడు ఆపిల్ సిలికాన్‌ది కాకుండా ఇంటెల్ మీద కూడా నడిచే యూనివర్సల్‌ది ఎంచుకోవాలి. ఇంకో సంగతి, సిమ్యులేటర్‌లో అసలు సర్వర్ నుంచి పుష్ నోటిఫికేషన్ రావాలంటే మ్యాక్‌లో ఆపిల్ సిలికానో టీ2 చిప్పో (కొన్ని ఇంటెల్ మ్యాక్‌లలో ఉండే ఆపిల్ సెక్యూరిటీ చిప్) ఉండాలి, హ్యాకింటోష్‌లో రెండూ ఉండవు, నువ్వు ఫైర్‌బేస్ (నోటిఫికేషన్లు పంపడానికి వాడే గూగుల్ సర్వీస్) కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ రోజంతా పోగొట్టుకోకు. ఉచిత ఆపిల్ ఐడీతో సొంత ఫోన్‌లో యాప్ వేసుకోవచ్చు, ఏడు రోజులకి చచ్చిపోద్ది, మళ్లీ వేసుకోవాలి, నేర్చుకోడానికి అది చాలు.

వీఎమ్‌వేర్‌లో (విండోస్ లోపలే ఇంకో సిస్టమ్ నడిపే సాఫ్ట్‌వేర్) మ్యాక్ఓఎస్ వేస్తే తేలిక కదా అని కూడా చాలామంది అడుగుతారు. లైసెన్స్ సమస్య అక్కడా అదే, పైగా గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఉండదు, సిమ్యులేటర్ నత్తలా కదులుద్ది, ఐఫోన్‌ని లోపలికి పంపడం ఒక యుద్ధం. వదిలెయ్.

ఇప్పుడు నీ అసలు పని. నీది ఫ్లట్టర్, అది నీ అదృష్టం. కోడ్ అంతా విండోస్‌లోనే రాస్తావు, ఆండ్రాయిడ్‌లో పరీక్షిస్తావు, ఐఫోన్ బిల్డ్ మాత్రం క్లౌడ్‌లో ఉన్న నిజమైన మ్యాక్ మీద చేయిస్తావు. అలా క్లౌడ్‌లో బిల్డ్ చేసిచ్చే కోడ్‌మ్యాజిక్ అనే సర్వీస్‌లో వ్యక్తిగత అకౌంట్‌కి నెలకి 500 నిమిషాలు ఉచితంగా మ్యాక్ మెషిన్ ఇస్తారు, ఒక బిల్డ్ పదిహేను నిమిషాలనుకున్నా నెలకి ముప్పై పైనే, నీలాంటి యాప్‌కి ధారాళంగా సరిపోద్ది. గిట్‌హబ్ వాళ్ల బిల్డ్ సర్వీస్ గిట్‌హబ్ యాక్షన్స్‌లో కూడా మ్యాక్ ఉంటది గానీ ప్రైవేట్ రెపో (బయటివాళ్లకి కనిపించని కోడ్) అయితే లైనక్స్ కంటే ఎన్నో రెట్లు త్వరగా నీ కోటా కరిగిపోద్ది. సైనింగ్ సర్టిఫికెట్ (యాప్ ఎవరు చేశారో ఆపిల్‌కి రుజువు చేసేది) కోసం మ్యాక్ కీచైన్ అక్కర్లేదు, యాప్ స్టోర్ కనెక్ట్‌లో (స్టోర్‌లోకి పంపే యాప్‌లని చూసుకునే ఆపిల్ సైట్) ఏపీఐ కీ ఒకటి చేసి, ఆ కీ ఐడీ, ఇష్యూయర్ ఐడీ, పీ8 ఫైల్ మూడూ కోడ్‌మ్యాజిక్‌కి ఇస్తే అదే చూసుకుంటది. ఆ పీ8 ఫైల్ ఒక్కసారే డౌన్‌లోడ్ అవుద్ది, రెండోసారి ఇవ్వరు, దింపిన నిమిషమే రెండు చోట్ల దాచు. బిల్డ్ అయ్యాక అదే టెస్ట్‌ఫ్లైట్‌కి (విడుదలకి ముందు యాప్‌ని పరీక్షించే ఆపిల్ సర్వీస్) పంపుద్ది, నువ్వు లింక్ ఇస్తావు, ట్యూషన్ సెంటర్ వాళ్లు తమ ఐఫోన్లలోనే వేసుకుని చూస్తారు.

కష్టం ఎక్కడంటే లైవ్‌గా డీబగ్ చేసుకోలేవు, కోడ్‌లో ప్రింట్ లైన్లు పెట్టి బిల్డ్ చేసి పంపి చూడాలి. అందుకే విండోస్‌లో ఉండగానే కొన్ని చూసుకో. ఐఓఎస్ ఫోల్డర్‌లో ఇన్ఫో ప్లిస్ట్ తెరిచి, నీ యాప్ కెమెరా వాడితే ఎందుకు వాడుతున్నావో వాక్యం రాయాలి, ఫోటోలకి ఇంకోటి. అది రాయకపోతే ఆండ్రాయిడ్‌లా పర్మిషన్ నో అనడం కాదు, హోంవర్క్ ఫోటో తీయబోతుంటే యాప్ అక్కడికక్కడే కుప్పకూలుద్ది, లాగ్ చూడలేని నీకు కారణం తెలియదు. ఫైర్‌బేస్‌కి ప్లిస్ట్ ఫైల్‌ని ఎక్స్‌కోడ్ ప్రాజెక్ట్‌లోకి చేర్చాల్సిన పని తప్పించుకోడానికి డార్ట్ (ఫ్లట్టర్ కోడ్ రాసే భాష) ఆప్షన్స్ ఫైల్‌తోనే ఇనిషియలైజ్ చెయ్యి. ఒక పాత ఐఫోన్ సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కో, మ్యాక్ కంటే ముందు నీకు కావాల్సింది అదే, ఐఓఎస్ కొత్త వెర్షన్లు ఇంకా వస్తున్న మోడలే తీసుకో.

మ్యాక్ ఎప్పుడు కొనాలంటావా, ఇలాంటి క్లయింట్ ఇంకొకరు దొరికినప్పుడు. ఎం4 మ్యాక్ మినీ 2024లో వచ్చినప్పుడు మన దగ్గర 59,900 రూపాయలు, స్టూడెంట్లకి 49,900, బేస్‌లోనే 16 జీబీ ర్యామ్. మానిటర్, కీబోర్డ్ నీ దగ్గర ఉన్నవే చాలు. స్టూడెంట్‌గా ఉన్నప్పుడే ఆ తగ్గింపు దొరుకుద్ది, ఫైనల్ ఇయర్ అంటున్నావు కాబట్టి అది దృష్టిలో పెట్టుకో. జీటీఎక్స్ 1650 తీసేసి ఇంకో కార్డు కొని, ఎస్ఎస్‌డీ కొని, వైఫై కార్డు కొని హ్యాకింటోష్ మీద పెట్టే డబ్బు అంతా అందులో జమ చెయ్యి.

ఆఖరుగా, కోడ్ ముట్టుకోక ముందే ఆపిల్ డెవలపర్ అకౌంట్ సంగతి తేల్చు. ఏడాదికి 99 డాలర్లు, గూగుల్ ప్లేలా 25 డాలర్లు ఒక్కసారి కట్టి మర్చిపోయేది కాదు, కట్టడం ఆపితే యాప్ స్టోర్‌లోంచి పోద్ది. ఆ అకౌంట్ నీ పేరు మీద తీయకు, ట్యూషన్ సెంటర్ పేరు మీద ఆర్గనైజేషన్ అకౌంట్ తీయించు. దానికి వాళ్ల సంస్థ రిజిస్టర్ అయి ఉండాలి, డన్స్ నంబర్ (సంస్థలకి ఇచ్చే గుర్తింపు నంబర్) కావాలి, అది ఉచితమే గానీ వెరిఫికేషన్‌కి రోజులు పడుద్ది, అందుకే ముందు అది మొదలెట్టించు. వాళ్లు ఇండివిడ్యువల్ అకౌంట్ తీస్తే నిన్ను యూజర్‌గా చేర్చినా సర్టిఫికెట్ల దాకా నీకు యాక్సెస్ రాదు, ఆర్గనైజేషన్ అయితే వస్తది. వాళ్లతో మాట్లాడేటప్పుడు ఆ 99 డాలర్లు ఏటా ఎవరు కడతారో కాగితం మీద రాయించుకో, నోటి మాట వద్దు. డన్స్ నంబర్ వచ్చేలోపు నువ్వు ఇన్ఫో ప్లిస్ట్ పని, కోడ్‌మ్యాజిక్‌లో సైనింగ్ లేని టెస్ట్ బిల్డ్ పూర్తి చేసి పెట్టుకో, ఎక్కడైనా ఎర్రర్ వస్తే లాగ్‌లో ఆఖరి యాభై లైన్లు ఇక్కడే పెట్టు, రాత్రి పది తర్వాత చూస్తా.